దొరికిన బండి ఇల్లు చేరేదాకా

ఈ శీర్షికలో మేము సాధారణంగా ఇంటి లోపలి సంగతులే మాట్లాడుకుంటాము. ఈ నెల గడప దాటి, ఇంటి ముందు నిలబడే బండి గురించి రాయవలసి వచ్చింది. బండి పోయి ఏడ్చిన ఇళ్లను మేము చూశాము. దొరికిన తరువాత కూడా అది చేతికి రాక ఏడ్చిన ఇంటిని గత సంవత్సరమే మొదటిసారి చూశాము.

పశ్చిమ ప్రకాశంలో మోటారు సైకిల్ విలాస వస్తువు కాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం చుట్టూ ఉన్న పల్లెలు ఒకదానికొకటి దూరం. పలకల పనికి పోయేవారికి, పరుపులు కుట్టేవారికి, నల్లమల అంచున ఉన్న ఊళ్లకు సరుకు చేరవేసేవారికి బండే కాళ్లు. అది లేని రోజు సంపాదన లేని రోజు.

మా వీధిలో ఒక సోదరుడు బట్టల మూట వెనుక సీటుకు కట్టుకొని ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఆయన వడ్డీకి భయపడే మనిషి. కొత్త బండి కంతులపై తీసుకోవడం ఇష్టం లేక, కూడబెట్టిన డబ్బుతో తెలిసిన మిత్రుడి దగ్గర పాత బండి కొన్నాడు. ఆ మిత్రుడు ఈ ప్రాంతంలోని చాలామంది లాగే పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్లిపోతున్నాడు. డబ్బు చేతులు మారింది, తాళం చేతులు మారింది, తెల్ల కాగితం మీద ఒక రసీదు రాసుకున్నారు. ఆర్.సి. మాత్రం పాత పేరు మీదే ఉండిపోయింది. "మనవాడే కదా, తరువాత చూసుకుందాం" అనుకున్నారు. ఆ "తరువాత" నాలుగేళ్లయినా రాలేదు.

ఒక ఉదయం సరుకు తెచ్చుకోవడానికి బస్టాండు దగ్గర బండి ఆపి, హ్యాండిలు తాళం వేయకుండా దుకాణంలోకి వెళ్లాడు. పావుగంటలో తిరిగి వచ్చేసరికి బండి లేదు. ఆ రోజే స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు, ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది, దాని ప్రతి ఉచితంగా చేతికి వచ్చింది. ఆయన చేసిన పనుల్లో అతి ముఖ్యమైనది ఇదే. దొంగతనం జరిగిన రోజే ఫిర్యాదు ఇవ్వకపోతే, ఆ తరువాత ఆ బండితో ఎవరు ఏ నేరం చేసినా, ఎవరిని గుద్దినా, సంజాయిషీ చెప్పుకోవలసింది మనమే అవుతుంది.

తొమ్మిదవ రోజున పొరుగు జిల్లాలో ఆ బండిపై ముగ్గురు ఎక్కి తిరిగినందుకు జరిమానా పడింది. ఆ సందేశం ఫోనుకు వచ్చింది. అయితే మా సోదరుడి ఫోనుకు కాదు. ఆర్.సి.లో ఉన్న నంబరు హైదరాబాదులోని మిత్రుడిది. "నాలుగేళ్ల కిందట అమ్మిన బండి, నాకెందుకు" అని ఆయన పట్టించుకోలేదు. బండి పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏ రోజు, ఏ కూడలిలో, ఏ సమయానికి బండి ఉందో తెలిపే ఒకే ఒక్క ఆధారం అలా ఒక జేబులో నిద్రపోయింది.

తరువాత దొంగ నంబరు పలకలు పీకేసి, బండిని ఒక రైల్వే స్టేషను పక్కనున్న స్టాండులో పెట్టి మాయమయ్యాడు. 43 రోజులు అది అక్కడే ఉంది. స్టాండు నడిపే మనిషికి అనుమానం వచ్చి పోలీసులకు చెప్పాడు. వారు ఛాసిస్ నంబరు చూసి యజమాని పేరు కనుక్కొని హైదరాబాదుకు ఫోను చేశారు. ఈసారి ఆ మిత్రుడు వెంటనే మా సోదరుడికి కబురు చేశాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో సేమ్యా వండి పంచారు. మాకూ ఒక గిన్నె వచ్చింది.

మరునాడు ఆయన వెంట మేమూ స్టేషనుకు వెళ్లాము. కేసు నమోదైన స్టేషనుకు బండి అప్పటికే చేరింది. వేపచెట్టు కింద తుప్పు పట్టిన బండ్ల వరుసలో అది చివరన ఉంది. బ్యాటరీ లేదు, అద్దాలు లేవు, సీటు చినిగింది. అయినా ఆయన దాని ట్యాంకు మీద చేయి వేసి నిలబడిపోయాడు. తీసుకుపోవచ్చా అని అడిగితే, అది ఇప్పుడు కేసులో ఆస్తి, కోర్టు ఉత్తరువు తెచ్చుకోవాలి అని అధికారి చెప్పాడు. ఆ మాట సరైనదే.

బయట టీ కొట్టు దగ్గర ఒక మధ్యవర్తి మమ్మల్ని ఆపాడు. ఆయన ఏ శాఖకూ చెందినవాడు కాడు. "వకీలు, అర్జీ, హైదరాబాదు నుంచి మనిషి రావడం, ఇదంతా నెలల పని. అయిదు వేలు ఇవ్వండి, సాయంత్రానికి బండి మీ ఇంటి ముందు ఉంటుంది" అన్నాడు. మా సోదరుడు తల వంచుకొని లెక్క వేసుకున్నాడు. రెండు నెలలుగా వ్యాపారం లేదు. ఇంకో నెల ఆగితే నష్టం అయిదు వేలకు మించిపోతుంది. లెక్క ప్రకారం మధ్యవర్తి మాటే లాభం. ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "దొంగదారిన పోయిన బండిని మళ్లీ దొంగదారినే తెస్తారా?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నతో ఆ బేరం ముగిసింది. లంచం పుచ్చుకోవడం ఎంత నిషిద్ధమో ఇవ్వడమూ అంతే నిషిద్ధమని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అయితే ధర్మం మాట పక్కన పెట్టి చూసినా ఆ బేరం నష్టమే. ఉత్తరువు లేకుండా తెచ్చుకున్న బండికి కాగితం ఉండదు. రికార్డులో అది దొంగతనం కేసు బండిగానే మిగులుతుంది. రేపు ఏ కూడలిలో ఆపినా, ఏ చట్టం ప్రకారం ఈ బండి నీ దగ్గర ఉందని అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. అయిదు వేలు పోసి కొనుక్కునేది మరో భయాన్నే.

ఇక న్యాయమార్గం ఏమిటో పాఠకులు తెలుసుకోవడం అవసరం. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. కోర్టు ముందుకు వచ్చిన ఆస్తిని విచారణ ముగియకముందే తగినవారికి అప్పగించే అధికారం దాని 497వ సెక్షన్‌లో ఉంది. కోర్టు ముందుకు తేకుండా పోలీసులు కేవలం నివేదించిన ఆస్తికి 503వ సెక్షన్ వర్తిస్తుంది. పాత చట్టంలో ఇవే 451, 457 సెక్షన్లు. కొత్త చట్టం గడువులు కూడా పెట్టింది. ఆస్తిని కోర్టు ముందు ఉంచిన 14 రోజుల లోపు దాని వివరాలు రాయించి ఫోటోలు లేదా వీడియో తీయించాలి. ఆ వివరాల పట్టిక తయారైన 30 రోజుల లోపు ఆస్తిని ఏమి చేయాలో ఉత్తరువు ఇవ్వాలి. రేపటి విచారణలో ఆ ఫోటోలే సాక్ష్యంగా చెల్లుతాయి గనుక బండి స్టేషను ఆవరణలో ఎండి తుప్పు పట్టవలసిన పని లేదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2002 అక్టోబరు 1న సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పట్టుబడిన వాహనాలను పోలీసు స్టేషన్లలో దీర్ఘకాలం ఉంచడం వల్ల ప్రయోజనం లేదని, తగిన బాండు, జామీను తీసుకొని మేజిస్ట్రేట్లు త్వరగా అప్పగించాలని ఆ తీర్పు సారాంశం. అందువల్ల బండి దొరికిందని తెలిసిన వెంటనే అర్జీ పెట్టుకోవడం దయ కోరడం కాదు, హక్కును అడగడం. యజమాని ఎవరో తెలియని బండ్ల విషయంలో కోర్టు ప్రకటన వేయించి ఆరు నెలల గడువు ఇస్తుంది. ఆ లోపు ఎవరూ వచ్చి తమదని నిరూపించుకోకపోతే హక్కు పోయే ప్రమాదం ఉంది. బండి పోయినవారు ఆశ వదులుకొని ఊరుకోక, ఫిర్యాదు ఇచ్చిన స్టేషనులో అప్పుడప్పుడు విచారిస్తూ ఉండాలి.

మా సోదరుడి అర్జీకి అడ్డు వచ్చింది ఆర్.సి. మీది పేరు. కోర్టు ముందు యజమాని అంటే రిజిస్టరులో ఉన్నవాడు. తెల్ల కాగితం రసీదు పట్టుకొని వెళితే వంద ప్రశ్నలు. చివరకు మిత్రుడే హైదరాబాదు నుంచి వచ్చి తన పేరుతో అర్జీ వేశాడు. బండిని అమ్మిన సంగతి, అది ఇకపై మా సోదరుడి దగ్గరే ఉంటుందన్న సంగతి దాచకుండా ప్రమాణ పత్రంలోనే రాయించాము. ఆయన రెండుసార్లు రావలసి వచ్చింది. రెండు దఫాలూ కూలి పోయింది. దారి ఖర్చులు మా సోదరుడు పెట్టుకున్నాడు. పోలీసుల నివేదిక వచ్చింది, కోర్టు ఉత్తరువు ఇచ్చింది. కేసు ముగిసేవరకు బండిని అమ్మకూడదు, రంగు గానీ ఆకారం గానీ మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపాలి. ఆ షరతుల కింద మిత్రుడు సంతకం చేశాడు. తాను ఎన్నడో అమ్మేసిన బండికి, తన ఇంటి ముందు లేని బండికి, ఆయన పూచీ పడ్డాడు.

ఇంత కష్టం ఎందుకు వచ్చిందో చూడండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల లోపు, కొన్నవారు 30 రోజుల లోపు రిజిస్ట్రేషను అధికారికి తెలపాలి. దానికి ఉన్నవి ఫారం 29, ఫారం 30 అనే రెండు కాగితాలు. అమ్మినవారికి కూడా ఇది రక్షణే. పేరు మారని బండి ప్రమాదం చేస్తే రిజిస్టరులో ఉన్న యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లావాదేవీని రాతలో పెట్టుకోవడం నమ్మకం లేకపోవడం కాదు. నమ్మకమున్న ఇద్దరి మధ్య రేపు తగువు రాకుండా కాపాడేది ఆ రాతే. వడ్డీకి భయపడి నగదుతో కొన్న మనిషి రాత విషయంలోనూ అంతే జాగ్రత్త పడి ఉంటే బాగుండేది. ఈ మాట ఆయనే మాతో అన్నాడు.

ఉత్తరువు చేతికి వచ్చిన రోజున ఖర్చుల ప్రశ్న ఎదురైంది. కదలని బండిని స్టేషను నుంచి మెకానిక్ దగ్గరకు చేర్చడానికి ట్రాలీ ఆటో మాట్లాడాము. అది శ్రమకు కూలి, సంతోషంగా ఇచ్చాడు. ఈ సందర్భంగా ఆ సోదరుడు డబ్బును మూడు రకాలుగా వేరు చేశాడు. మొదటిది కూలి, అది బాకీ. రెండవది చట్టం విధించిన రుసుము, దానికి రసీదు ఉంటుంది. కోర్టు ఫీజు, పేరు మార్పిడి ఫీజు ఇటువంటివి. మూడవది రసీదు ఇవ్వలేనివాడు అడిగేది. ఎవరు ఏ పేరుతో డబ్బు అడిగినా "రసీదు ఇస్తారా?" అని మర్యాదగా అడగడం ఒక్కటే ఈ మూడింటినీ వేరు చేసే జల్లెడ.

దొంగతనం సంగతి వేరు, మనమే తప్పు చోట ఆపిన బండిని లాక్కుపోవడం వేరు. నిషేధించిన చోట ఆపినా, బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసినా, పోలీసు అధికారి అనుమతితో బండిని తొలగించవచ్చునని, ఆ తరలింపు ఖర్చు యజమానే భరించాలని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చెబుతున్నది. హైదరాబాదు వెళ్లి వచ్చే మన పిల్లలకు ఇది అనుభవమే. విదేశాలలో ఉన్న మన బంధువులు ఇంకో చేదు సంగతి చెబుతారు. అమెరికా, బ్రిటన్ దేశాలలో దొరికిన దొంగ బండిని యార్డుకు చేర్చిన ఖర్చు, రోజువారీ నిల్వ రుసుము బాధితుడైన యజమాని మీదే పడటం తరచు జరుగుతుంది. బీమా ఉంటే తరువాత రాబట్టుకోవాలి. రోజు రోజుకూ రుసుము పెరుగుతుంది గనుక ఆలస్యం చేసినవాడికి బండి విలువ కంటే బాకీయే ఎక్కువ అవుతుంది. మన దగ్గర స్టేషను ఆవరణలో మీటరు తిరగకపోయినా ఎండ, వాన, తుప్పు ప్రతి రోజూ తమ రుసుము వసూలు చేసుకుంటూనే ఉంటాయి. ఎక్కడైనా త్వరపడటమే మేలు.

స్టాండు మనిషి విషయం మిగిలింది. రోజుకు 20 రూపాయల చొప్పున 43 రోజులకు ఆయనకు 860 రూపాయలు రావాలి. పోలీసులు పంచనామా రాసి బండి తీసుకుపోయినప్పుడు ఎవరూ ఆయనకు పైసా ఇవ్వలేదు. ఆ స్టాండులో బండి పెట్టింది దొంగ, మా సోదరుడు కాదు. అడిగే హక్కు ఆయనకు ఎంతవరకు ఉందో వాదించవచ్చు. మా సోదరుడు వాదించలేదు. బండి బాగైన తరువాత మొదటి ప్రయాణం అక్కడికే చేశాడు. "మీరు కళ్లు మూసుకొని ఉంటే నా బండి ఈపాటికి విడిభాగాలుగా అమ్ముడుపోయేది" అని 860 రూపాయలు ముందుంచాడు. ఆయన సగం లెక్కపెట్టి తీసుకొని, "మిగతా సగం ఆ దొంగ దగ్గర వసూలు చేసుకుంటాలే భయ్యా" అని నవ్వి టీ తాగించి పంపాడు.

బీమా గురించి రెండు మాటలు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దానిని చూసి "అయిదేళ్లు బీమా ఉంది" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. థర్డ్ పార్టీ బీమా మన బండి వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి మాత్రమే. మన బండి పోతే అది ఒక్క రూపాయి ఇవ్వదు. దొంగతనానికి పరిహారం కావాలంటే సొంత నష్టం భాగం కూడా ఉండాలి, చాలా కాగితాలలో అది ఒక్క ఏడాదికే ఉంటుంది. ఈ రాత్రే మీ కాగితం తీసి ఆ తేదీ చూసుకోండి. బండి పోతే బీమా సంస్థకు ఆ రోజే తెలపాలి, రెండు తాళాలూ భద్రంగా ఉంచాలి. సంస్థకు తెలపడంలో కొంత ఆలస్యమైనా, ఎఫ్.ఐ.ఆర్. వెంటనే ఇచ్చి ఉంటే ఆ ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా గుర్తుంచుకోండి.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు చేతులు ముడుచుకోవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం కింద స్త్రీలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం గలవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. మధ్యవర్తికి ఇచ్చే అయిదు వేల కంటే ఈ ఉచితమైన ఫోను ఎంతో విలువైనది.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. దొంగ బండ్లు ఎందుకు పోతాయి? కొనేవారు ఉన్నారు గనుక. "కాగితాలు లేవు, పొలానికి తిరగడానికి పనికివస్తుంది, పదివేలకే ఇస్తాడు" అనే మాట మన ఊళ్లలో వింటూనే ఉంటాము. అరవై వేల బండి పదివేలకు ఎందుకు వస్తుందో కొనేవాడికి తెలియనిది కాదు. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ పుచ్చుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. శిక్ష మాట అటుంచి, ఆ పదివేలలో మిగిలిన యాభై వేలు ఎవరి నోటి ముద్దో ఆలోచించండి. ఎక్కడో ఒక బట్టలమూట ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది.

మా సోదరుడి బండి ఇప్పుడు మళ్లీ ఊళ్లు తిరుగుతున్నది. కేసు ఇంకా ముగియలేదు. పేరు మార్పిడి కూడా కోర్టు అనుమతించాకే. కోర్టు ఉత్తరువు నకలు, మిత్రుడి బాండు నకలు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువాలో దాచుకున్నారు. మొన్న ఆయన కొడుకు స్నేహితుల బండ్లను చూసి, నాన్నా మన బండికి కూడా ఎర్ర రంగు వేయిద్దాం అన్నాడట. తండ్రి ఒప్పుకోలేదు.

"బండి మనదే కదా?" అని పిల్లవాడు అడిగాడు.

"మనదే. కానీ ఇప్పుడు మన దగ్గర అమానతుగా ఉంది. కోర్టుకు మాట ఇచ్చింది మీ చిన్నాన్న. ఆయన మాట పోకూడదు" అన్నాడాయన.

హైదరాబాదులోని ఆ మిత్రుడు రక్తసంబంధంతో చిన్నాన్న కాడు. బాండు మీద సంతకం చేసిన రోజు నుంచి ఆ ఇంట్లో పిల్లలు ఆయనను అలాగే పిలుస్తున్నారు.